బొడ్డు చుట్టూ సూదులు పోయాయి, భయమే మిగిలింది

రాంనగర్‌లోనో, చిక్కడపల్లిలోనో, అశోక్‌నగర్‌లోనో ఎవరినైనా వీధికుక్క కరిచిందనుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట చాలాసార్లు ఒకటే: ‘అమ్మో, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు!’ ఆ మాట చెవిన పడ్డ పిల్లవాడు ఇంకోసారి కుక్క కరిస్తే గాయం దాచేస్తాడు. హాస్టల్లో ఉండే కుర్రాడు ‘కరవలేదులే, గీరుకుంది అంతే’ అని సర్దిచెప్పుకుంటాడు. ఇంట్లో పనికి వచ్చే ఆమె రోజు కూలి పోతుందని కాస్త పసుపు అద్దుకుని ఊరుకుంటుంది.

ఆ పద్నాలుగు సూదుల టీకా తయారీ మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. సూదులు పోయాయి కానీ వాటి భయం మాత్రం తరం నుంచి తరానికి అలాగే అందుతోంది. మరే జబ్బు విషయంలోనైనా ఇలాంటి పాత భయాలను నవ్వి వదిలేయవచ్చు. రేబిస్ విషయంలో అలా కుదరదు. లక్షణాలు బయటపడ్డాక దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఒక్క రోజు వాయిదా వేయడానికి కారణమయ్యే భయం కూడా ఇక్కడ ప్రాణాంతకమే.

భయం పోవాలంటే ఊరికే ‘భయపడకండి’ అంటే సరిపోదు. ఇప్పటి టీకా ఎక్కడ పుడుతోంది, పాతదానికీ దీనికీ తేడా ఏమిటి అన్నది తెలియాలి. ఆ తేడా అంతా ఒక పాత్రలో ఉంది. సూక్ష్మజీవి ఒక్కటీ చొరబడకుండా జీవకణాలను పెంచే ప్రయోగశాల పాత్ర అది. అలాంటి పాత్రలతో పనిచేసే పెద్ద సంస్థలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

గొర్రె మెదడు నుంచి మొదలైన కథ

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా ఇప్పించారు. రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఎండబెట్టి, వైరస్‌ను బలహీనపరిచి చేసిన మందు అది. పిల్లవాడు బతికాడు. కానీ ఒక ఇబ్బంది అప్పటి నుంచే ఉంది. బ్యాక్టీరియా అయితే కాస్త పులుసులోనూ పెరుగుతుంది. వైరస్ అలా కాదు. దానికి బతికున్న జీవకణం కావాలి. రేబిస్ వైరస్‌కు నాడీ కణాలంటే మరీ ఇష్టం. అందుకే దాన్ని పెంచాలంటే జంతువుల మెదడు, వెన్నుపాము తప్ప ఆ రోజుల్లో వేరే దారి లేదు.

హిమాచల్ కొండల్లోని కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో మరో పద్ధతి తెచ్చారు. గొర్రె మెదడులో వైరస్‌ను పెంచి, ఫినాల్‌తో దాన్ని చంపి టీకా చేశారు. మన తాతలు, తండ్రులు వేయించుకున్నది ఈ కోవకు చెందిన టీకానే. మోతాదు ఎక్కువ కాబట్టి పొట్ట చర్మం కింద వేసేవారు. గాయం తీవ్రతను బట్టి ఏడు నుంచి పద్నాలుగు రోజుల పాటు రోజూ సూది. నొప్పి, వాపు, జ్వరం మామూలే. అంతకంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉండేది. గొర్రె మెదడులోని నాడీ కణజాలం మన ఒంట్లోకి వెళ్లినప్పుడు, దాన్ని ఎదుర్కొనేందుకు తయారైన రక్షణ వ్యవస్థ అరుదుగా మన సొంత నరాలపైనే తిరగబడేది. కొందరికి పక్షవాతం వచ్చేది, కొందరు ప్రాణాలు కోల్పోయేవారు.

ఆ టీకాను నిందించాల్సిన పనిలేదు. వేరే దారి లేని రోజుల్లో అది ఎందరినో బతికించింది. కానీ మంచి దారి దొరికాక కూడా మన దేశం చాలాకాలం దాన్ని వదల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల నుంచే మానుకోమని చెబుతూ వచ్చినా, ఇక్కడ దాని తయారీ ఆగింది 2004 డిసెంబరులో. మన ఇళ్లలోని భయానికి ఆయుష్షు పెరగడానికి ఈ ఆలస్యం కూడా ఒక కారణం.

జాడీలో తడి గరిటె పడితే

దారి మారింది జీవకణాల వల్ల. 1949లో అమెరికాలో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు పోలియో వైరస్‌ను నాడీ కణజాలంతో పనిలేకుండా, పాత్రలో పెంచిన ఇతర కణాల్లో పెంచి చూపారు. 1954లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ కోసం జంతువు మెదడు తెరవక్కర్లేదు, శుభ్రమైన పాత్రలో కణాలను పెంచి వాటిలో వైరస్‌ను పెంచవచ్చని అప్పుడు తేలింది.

ఇక 1962 మార్చి 27న జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి కొన్ని కణాలను వేరుచేసి పెంచడం మొదలుపెట్టారు. వాటికి ‘వెరో’ అని పేరు పెట్టారు. తగిన ఆహారం, వెచ్చదనం ఇస్తే అవి తరాల తరబడి విభజన చెందుతూనే ఉంటాయి. ఒక్కసారి బాగా పరీక్షించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరిస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కాస్త తీసి పెంచుకోవచ్చు. మన అమ్మమ్మలు ఏ పూటకాపూట తోడుకు కాస్త పెరుగు దాచుకున్నట్టే. ప్రతి టీకాకూ కొత్తగా కోతులను పట్టుకురావాల్సిన పని లేదు.

రేబిస్ టీకా డబ్బా ఎప్పుడైనా చేతికొస్తే దాని మీద చూడండి. ‘ప్యూరిఫైడ్ వెరో సెల్ రేబిస్ వ్యాక్సిన్’ అని ఉంటే అది ఈ కణాల్లో పెరిగిందే. కోడిపిండం కణాల్లో పెంచే టీకా మరొకటి ఉంది. రెండింటిలో ఏది వేసినా మంచిదే. గొర్రె మెదడు ఏ దాంట్లోనూ లేదు.

ఈ కణాలను పెంచడం ఎంత కష్టమో మీ వంటింటి భాషలోనే చెప్పుకోవచ్చు. పాలు తోడు వేసేటప్పుడు ఏం చూస్తాం? గిన్నె శుభ్రంగా ఉండాలి, పాలు గోరువెచ్చగా ఉండాలి, కదపకుండా మూత పెట్టాలి. కణాలకూ అంతే. 37 డిగ్రీల వెచ్చదనం, సరైన ఆమ్ల-క్షార సమతుల్యత, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, లవణాలు, విటమిన్లు కలిపిన ద్రవాహారం కావాలి. ఆ విటమిన్లలో ఫోలిక్ ఆమ్లం ఒకటి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

కణాలు ఇష్టపడే ఈ విందు బ్యాక్టీరియాకూ ఇష్టమే. అసలు చిక్కు అక్కడే ఉంది. వెరో కణం రెండు కావడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. కొన్ని బ్యాక్టీరియాలకు అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలు చాలు. ఆ లెక్కన ఒక్క బ్యాక్టీరియా ఏడు గంటల్లో 20 లక్షలకు పైగా అవుతుంది. కొత్త ఆవకాయ జాడీలో ఒక్క తడి గరిటె పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆవకాయలో కనీసం ఉప్పు, కారం, నూనె కాపలా ఉంటాయి. కల్చర్ పాత్రలో అలాంటి కాపలా ఏదీ ఉండదు. ఒక్క బూజు రేణువు పడినా మొత్తం పారబోయాల్సిందే.

అందుకే ఆ గది కాపలా వేరే స్థాయిలో ఉంటుంది. గాలిని వడగట్టే హెపా ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపేస్తాయి. పాత్రలను 121 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడి పెట్టి శుద్ధి చేస్తారు. మీ వంటింటి ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద. వేడికి పాడైపోయే ద్రవాహారాన్ని అతి సన్నని వడపోతల గుండా పంపుతారు. ఆ గదిలో అన్నిటికంటే మురికి వస్తువు మనిషే. మన చర్మం నుంచి రేణువులు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. అందుకే లోపలికి వెళ్లేవారు తల నుంచి కాలి దాకా దుస్తులు కప్పుకుంటారు. వేగంగా నడవడం, చేతులు ఊపడం కూడా తగ్గిస్తారు.

కంటికి కనిపించని దొంగలూ ఉన్నాయి. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి మామూలు వడపోతల నుంచి కూడా జారిపోగలదు. ద్రవం మసకబారదు, వాసన రాదు. ప్రత్యేకంగా వెతికితేనే దొరుకుతుంది. 1960లో అమెరికాలో ఇంకో పాఠం నేర్చుకున్నారు. పోలియో టీకా కోసం కోతుల నుంచి నేరుగా తీసిన మూత్రపిండ కణాల్లో ఎస్‌వీ40 అనే కోతి వైరస్ దాగి ఉందని అప్పుడు బయటపడింది. ఆ తరవాత కణాల పుట్టుపూర్వోత్తరాల మీద పరీక్షలు బాగా కఠినమయ్యాయి. ముందే పరీక్షించి దాచిన కణాలనే వాడటం వెనుక ఈ అనుభవం కూడా ఉంది.

కణాలు బాగా పెరిగాక వాటికి రేబిస్ వైరస్‌ను అంటిస్తారు. అది కణాల్లో వృద్ధి చెందాక వేరుచేసి, రసాయనంతో పూర్తిగా చంపి, శుద్ధి చేసి, పొడిగా మారుస్తారు. సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్ష ఒక్కటే పద్నాలుగు రోజులు నడుస్తుంది. టీకా బలం ఎంతో కొలుస్తారు. చివరికి కసౌలీలోని కేంద్ర ఔషధ ప్రయోగశాల కూడా చూశాకే మార్కెట్లోకి వస్తుంది. ఒకప్పుడు గొర్రె మెదడు టీకా పుట్టిన ఊరే ఇప్పుడు శుభ్రమైన టీకాలకు పరీక్షా కేంద్రం కావడం విశేషం.

ఇదంతా ఎక్కడో విదేశాల ముచ్చట కాదు. గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ వెరో కణాల్లోనే ‘అభయ్‌రాబ్’ టీకా తయారుచేస్తోంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి పశువుల గాలికుంటు టీకా కోసం మొదలుపెట్టిన సంస్థ అది. నగర శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌ను తయారుచేసిందీ వెరో కణాలతోనే. 2021 జూన్‌లో ‘కొవాగ్జిన్‌లో దూడ రక్తం ఉంది’ అని వదంతి పుట్టినప్పుడు కేంద్రం వివరణ ఇచ్చింది. నవజాత దూడ సీరం కణాలకు ఆహారంగా మాత్రమే వాడతారు, తరవాత కణాలను కడిగేస్తారు, తుది టీకాలో అది ఉండదు అని. అలాంటి వదంతులు రేబిస్ టీకా మీద కూడా ఎప్పుడైనా వినిపించవచ్చు. జవాబు అదే.

ఆ శుభ్రత మీకేమిచ్చింది?

పాత్రలో నాడీ కణజాలం లేకపోవడంతో పాత టీకాతో వచ్చిన పక్షవాతం భయం తీరింది. మందు మోతాదు తగ్గడంతో పొట్టతో పనిలేకుండా పోయింది. ఇప్పుడు సూది భుజానికే. చిన్నపిల్లలకైతే తొడకు. మామూలుగా చేయి కాస్త నొప్పి పెట్టడం, కొందరికి కొద్దిపాటి జ్వరం, అంతే.

కండకు ఇచ్చే పద్ధతిలో ఐదు డోసులు. మొదటి డోసు ఒకటో తారీఖున పడితే మిగతావి నాలుగు, ఎనిమిది, పదిహేను, ఇరవై తొమ్మిది తారీఖుల్లో. చర్మం పొరలోకి అతి తక్కువ మందు ఇచ్చే పద్ధతికి మన దేశం 2006లో అనుమతి ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇందులో నాలుగుసార్లు వెళ్తే చాలు: ఒకటి, నాలుగు, ఎనిమిది, ఇరవై తొమ్మిది తారీఖుల్లో. ప్రతిసారీ రెండు చేతులకూ ఒక్కో చిన్న సూది. ‘తక్కువ మందు వేశారు, ఉచితం కదా’ అని అనుమానపడకండి. చర్మం కింద రక్షణ కణాలు దండిగా ఉంటాయి కాబట్టి కొద్ది మందుతోనే ఫలితం వస్తుంది.

గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ, పసిబిడ్డకూ, వృద్ధులకూ ఈ టీకా ఇవ్వవచ్చు. కరిచిన కుక్కకు రేబిస్ ఉండే అవకాశం ఉన్నప్పుడు టీకా వద్దనడానికి కారణమే లేదు. అలర్జీలు ఉంటే డాక్టరుకు చెప్పండి, కానీ ఆ పేరుతో మానుకోకండి. పథ్యం కూడా అక్కర్లేదు. పప్పు మానేయాలి, మాంసం ముట్టకూడదు, తలస్నానం చేయకూడదు అన్నవన్నీ పాత టీకా కాలం నాటి మాటలు.

పాత్ర చేయలేనిది మీరే చేయాలి

ఇంత శ్రమ పడి చేసిన టీకాకూ ఒక పరిమితి ఉంది. వేసిన వెంటనే అది రక్షణ ఇవ్వదు. ఒంట్లో ప్రతిరక్షకాలు తగినంత తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా గాయంలో చేరిన వైరస్ నరాల వెంట మెల్లగా మెదడు వైపు నడుస్తుంటుంది. సాధారణంగా లక్షణాలు కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. కానీ ముఖం, మెడ, చేతివేళ్ల మీద గాయమైతే ఇంకా త్వరగా రావచ్చు. టీకా వేయించుకోవడమంటే ఆ వైరస్‌తో పరుగు పందెమే. ముందు బయల్దేరినవారిదే గెలుపు.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్న సామెత రచ్చబండ దగ్గర పనికొస్తుంది. ఇంట్లో కాటు పడినప్పుడు చేయాల్సింది వేరే. మొదటిది, సబ్బుతో కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు గాయం కడగడం. గడియారం చూసి మరీ కడగండి, పదిహేను నిమిషాలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసేపు. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో చేసినది కాబట్టి సబ్బుకు అది చెదిరిపోతుంది. కల్చర్ గదిలో శాస్త్రవేత్త పాటించే శుభ్రతకు మీ ఇంటి పెరట్లో సమానమైనది ఈ పనే. తరవాత పొవిడోన్ అయొడిన్ రాయండి. కారం, సున్నం, పసుపు, ఆకుపసరు పెట్టకండి. కట్టు గట్టిగా కట్టకండి. కుట్లు వేయమని మీరే ఒత్తిడి చేయకండి.

రెండోది, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లడం. చర్మం చీరి రక్తం వచ్చినా, కుక్క లాలాజలం కంటికో నోటికో తగిలినా, పుండున్న చోట నాకినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా అవసరం. టీకా మన ఒంటిని ప్రతిరక్షకాలు తయారుచేసుకోమని చెబుతుంది. ఇది సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలనే తెచ్చి గాయంలో, గాయం చుట్టూ నింపుతుంది. బరువును బట్టి మోతాదు ఉంటుంది. తొలి టీకా పడిన రోజే ఇవ్వడం మంచిది, ఏడు రోజులు దాటాక ఇవ్వరు. ఎక్కువ మందికి తెలియనిదీ, చాలాచోట్ల తప్పిపోతున్నదీ ఇదే. ‘నాకు ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమా?’ అని మీరే నోరు తెరిచి అడగండి.

మూడోది, పూర్తిచేయడం. ‘కరిచిన కుక్క బాగానే తిరుగుతోంది, ఇక టీకా ఎందుకు’ అని రెండో డోసుతో ఆపేసేవారు ఎందరో. కుక్కను పది రోజులు గమనించమనడం నిజమే. కానీ టీకా మొదలుపెట్టి, ఇస్తూనే గమనించాలి. ఎన్ని డోసులు చాలో డాక్టరు చెప్పాలి, వీధిలోని కుక్క కాదు. పెంపుడు కుక్కకు టీకాలు వేయించాం కదా అన్న ధీమా, పిల్లకుక్కకు రేబిస్ ఉండదన్న నమ్మకం రెండూ తప్పే. పిల్లి, కోతి కరిచినా ఇవే జాగ్రత్తలు. ఇంట్లో ఎలుక కొరికితే మామూలుగా రేబిస్ టీకా అక్కర్లేదు, అయినా ఒకసారి డాక్టరును అడగడం మేలు.

గతంలో పూర్తి కోర్సు వేయించుకున్నవారిని మళ్లీ కుక్క కరిస్తే రెండు డోసులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. అంటే ఈ రోజు పూర్తిచేసిన కోర్సు రేపటికీ పనికొస్తుంది. ఆ కాగితం పారేయకండి. పిల్లల పుట్టినరోజు సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టండి.

మన వీధుల సంగతి

భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు దేశవ్యాప్తంగా చేసిన సర్వే ప్రకారం మన దేశంలో ఏటా 91 లక్షల మంది జంతువుల కాటుకు గురవుతున్నారు. రేబిస్ మరణాలు ఏటా సుమారు 5,700. కాటుకు గురైన ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క టీకా కూడా వేయించుకోలేదు. కనీసం మూడు డోసులు అందుకున్నవారు మూడింట రెండు వంతులు. శుభ్రమైన టీకా దేశంలోనే తయారవుతూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతున్న కాలంలో వచ్చిన లెక్కలివి. ఆ పాత్రలో లోపం లేదు. పాత్రకూ మన భుజానికీ మధ్య ఉన్న దారిలోనే లోపం.

రాంనగర్ వైపు వారికి ఈ దారి నిజానికి చాలా దగ్గర. నారాయణగూడలో అందరూ ఐపీఎం అని పిలిచే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కుక్కకాటు టీకాలు వేస్తారు. నగరం నలుమూలల నుంచీ అక్కడికి వస్తుంటారు. రెండో వైపు నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది. అంత దగ్గరలో ఉన్నవారు కూడా ‘ఆదివారం చూద్దాం’ అనుకుంటే అది దూరం తప్పు కాదు. రేబిస్ లక్షణాలతో మనుషుల్ని తీసుకువచ్చేదీ ఆ ఫీవర్ ఆసుపత్రికే. నీళ్లు చూసి, గాలి తగిలి బెదిరిపోయే స్థితిలో వచ్చినవారికి అక్కడి వైద్యులు బాధ తగ్గించగలరు తప్ప ప్రాణం నిలపలేరు.

రాంనగర్ చేపల మార్కెట్ చుట్టూ, మాంసం దుకాణాల వెనుక సందుల్లో వ్యర్థాలు ఎంతసేపు పడి ఉంటే కుక్కల గుంపులు అంత పెరుగుతాయి. 2023 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో చనిపోయినప్పుడు నగరమంతా ఉలిక్కిపడింది. ఆ కోపం కొద్ది వారాల్లో చల్లారింది. కుక్కలను చంపమనేవారికీ, ముట్టుకోవద్దనేవారికీ మధ్య వాదన మాత్రం నేటికీ నడుస్తోంది. ఈ రెండు వాదనల మధ్య అసలు పని వెనకబడుతోంది. ఓ ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా రేబిస్ టీకా పడితే వైరస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవా కుక్కలకు విస్తృతంగా టీకాలు వేసి మనుషుల్లో రేబిస్ మరణాలను దాదాపు లేకుండా చేసింది. కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను 2030 నాటికి రూపుమాపుతామని మన దేశం కూడా లక్ష్యం పెట్టుకుంది. గడువు దగ్గరపడింది.

అందుకే ప్రభుత్వాన్నీ, నగర పాలక సంస్థనూ అడగాల్సినవి ఉన్నాయి. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సతో పాటు టీకా ఎన్నింటికి వేశారో వార్డుల వారీగా బయటపెట్టాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ కోసం రక్తం కారుతున్న గాయంతో ఊరంతా తిరగాల్సిన అవసరం లేకుండా ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ నిల్వ ఉంచాలి. తరవాతి డోసులు బస్తీ దవాఖానాలోనే, కూలికి వెళ్లేవారికి వీలయ్యే వేళల్లో వేయాలి. మొదటి డోసు వేసిన రోజే ఫోన్ నంబరు తీసుకుని మిగతా తేదీలకు ముందురోజు సందేశం పంపాలి. కరెంటు బిల్లుకు వస్తున్న సందేశం ప్రాణం కాపాడే సూదికి రాకపోవడం ఏం న్యాయం?

మీ వంతు కూడా ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే మీ పిల్లలకు ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగినట్టే ఒక్కసారి ఈ సంగతీ చెప్పండి. గ్రంథాలయం నుంచి రాత్రి పొద్దుపోయి గదికి వెళ్లేది వాళ్లే. పరీక్ష ఉందని మూడో డోసు మానేసేదీ వాళ్లే. ఇంట్లో పనిచేసే ఆమెను కుక్క కరిస్తే ఆ నాలుగు రోజులూ కూలి కోయకుండా పంపండి. మీ వీధిలో కుక్కలకు అన్నం పెట్టేవారుంటే పోట్లాడే బదులు, వాటికి టీకాలు వేయించే పనిలో వారినే ముందు నిలపండి. ఆ కుక్కలు దగ్గరికి వచ్చేది వాళ్లకే కదా! ఇంట్లో కుక్కను పెంచుతుంటే పిల్లలకు ముందు జాగ్రత్త టీకా అవసరమా అని డాక్టరును అడగండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో పిల్లలతో మాట మార్చండి. ‘కుక్క జోలికి పోతే బొడ్డు చుట్టూ సూదులు’ అని బెదిరించకండి. ఆ బెదిరింపు కుక్క నుంచి కాపాడదు, గాయాన్ని మాత్రం దాచిపెట్టిస్తుంది. ‘కుక్క గీరినా, నాకినా, కరిచినా వెంటనే నాకు చెప్పు. నిన్ను తిట్టను. చేతికి చిన్న సూది, అంతే’ అని చెప్పండి. గాలిని కూడా వడగట్టే గదుల్లో, ఒక్క సూక్ష్మజీవికీ చోటివ్వకుండా, వారాల తరబడి కాపలా కాసి తయారుచేసిన మందు మీ ఇంటికి కూతవేటు దూరంలో ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది. మొదటి డోసు వేయించిన రోజే మిగతా తేదీలను గోడమీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టండి. చివరి తేదీ దాకా ఆ పేజీ తిప్పకండి.